గాలి దారులు – 7: నేలకు కన్నం పెట్టిన రేడియో

న్యూ ఆర్లీన్స్‌లో నెపోలియన్ అవెన్యూ, చాపిటూలస్ వీధి కలిసే మూల మీద ఒక పాత మేడ ఉంది. పేరు టిపిటినాస్. కింద కచేరీల హాలు, పైన గదులు. 1980ల తొలి ఏళ్లలో ఆ పై గదుల్లో ఒక రేడియో స్టేషన్ ఉండేది. కింద బ్యాండు మొదలయ్యే వేళకు పైవాళ్లు నేలకున్న కన్నంలోంచి ఒక మైకును తీగ పట్టుకుని మెల్లగా దించేవాళ్లు, బావిలోకి చేద వదిలినట్టు. ట్రంపెట్టూ పియానో డ్రమ్సూ, వాటి వెనక జనం కేకలూ చప్పట్లూ అన్నీ ఆ తీగ వెంట పైకెక్కి, అక్కణ్నుంచి ఊరి మీద పడేవి. పడక్కుర్చీ వదలలేని ముసలాయనకీ, హోటల్ వంటగదిలో గిన్నెలు కడుగుతున్న కుర్రాడికీ ఆ రాత్రి కచేరీకి టికెట్టు అక్కర్లేదు.

పోయిన రెండు సంచికల్లో మనం అమెరికా పశ్చిమ తీరంలో తిరిగాం. 1949 ఏప్రిల్ 15న బర్క్‌లీలో లూయిస్ హిల్ ప్రారంభించిన కేపీఎఫ్ఏ, ప్రకటనలు లేకుండా శ్రోతల చందాలతో రేడియో నడపవచ్చని చూపించింది. 1962లో సియాటిల్‌లో లొరెంజో మైలమ్, ఒకప్పుడు డోనట్లు అమ్మిన కొట్లో క్రాబ్ అనే స్టేషన్ పెట్టి, ఆ పనికి పెద్ద భవనమూ పెద్ద పెట్టుబడీ అక్కర్లేదని చూపించాడు. ఆ రెండుచోట్లా ముందు ఆలోచన పుట్టింది, రేడియో దాని వెంట వచ్చింది. న్యూ ఆర్లీన్స్‌లో సంగీతం ఎనభై ఏళ్లుగా వీధిలోనే ఉంది. దానికి లేనిదల్లా సొంత ఊళ్లో సొంత ఫ్రీక్వెన్సీ.

జాజ్ పుట్టిన ఊళ్లో జాజ్‌కు రేడియో కరువేమిటి? ఇందులో ఒక చేదు సంగతి ఉంది. టాడ్ స్టోర్జ్ అనే వ్యాపారి 1953లో న్యూ ఆర్లీన్స్‌లోని డబ్ల్యూటీఐఎక్స్ స్టేషన్ కొన్నాడు. పోటీ స్టేషన్ డబ్ల్యూడీఎస్‌యూ అప్పటికే రోజూ ఇరవై పాటల జాబితా వినిపిస్తోంది. స్టోర్జ్ మనుషులు దాన్ని నలభై చేశారు. జనం ఎక్కువగా కొనే పాటలేవో చూసి, వాటినే తిప్పి తిప్పి వెయ్యడం అన్న పద్ధతిని స్టోర్జ్ అంతకుముందే ఒమాహాలో మొదలుపెట్టాడు గానీ, ‘టాప్ 40’ అన్న ముద్ర పడటంలో ఈ న్యూ ఆర్లీన్స్ పోటీకి పెద్ద వాటా ఉంది. తర్వాత అది దేశమంతా పాకింది. అనౌన్సర్ తనకు నచ్చిన రికార్డు వేసే రోజులు అలా పోయాయి. ఏ ఊరి స్టేషన్ పెట్టినా అవే నలభై. పదిహేను నిమిషాల సోలోకు, పేరు తెలియని వీధి బ్యాండుకు, పక్క పేటలో పాడే ముసలామెకు ఆ జాబితాలో చోటెక్కడ?

అంతకన్నా పాత గాయం ఇంకొకటి ఉంది, రంగుది. వెర్నన్ విన్‌స్లో డిలార్డ్ విశ్వవిద్యాలయంలో చిత్రకళ నేర్పే నల్లజాతి అధ్యాపకుడు. 1940ల చివర రేడియోలో పని అడిగాడు. మాట బాగుంది, పాటల మీద పట్టు ఉంది, మైకు మాత్రం ఇవ్వమన్నారు డబ్ల్యూజేఎంఆర్ వాళ్లు. తెల్ల అనౌన్సర్లకు నల్లవాళ్ల యాస నేర్పే పని ఇచ్చారు. పోపా స్టోపా అని ఆయనే ఒక పాత్రను సృష్టించి మాటలు రాసిచ్చేవాడు, గాలిలో పలికేది తెల్లవాడు. ఒక రాత్రి ఆ అనౌన్సర్ లేని సమయంలో విన్‌స్లో తన మాటలు తానే మైకులో చదివాడు. ఉద్యోగం పోయింది. ఈ కథ చదివిన ప్రతిసారీ నాకు ఆ ఒక్క రాత్రి ఆయన గొంతు ఎలా ఉండి ఉంటుందా అని మనసు కొట్టుకుంటుంది.

1949లో జాక్స్ బీరు కంపెనీ ఆయన్ను పిలిచి సొంత కార్యక్రమం ఇచ్చింది. ‘డాక్టర్ డాడీ-ఓ’గా ఊరంతా ఎరిగిన పేరయ్యాడు. కానీ స్టేషన్ ఉన్నది తెల్లవాళ్ల హోటల్లో. ఆయన సామాన్ల లిఫ్టులో పైకి వెళ్లాల్సి వచ్చేది. చివరికి కార్యక్రమాన్ని నార్త్ ర్యాంపార్ట్ వీధిలో కాస్మో మటాసా నడిపే జే అండ్ ఎం రికార్డింగ్ స్టూడియోకు మార్చుకున్నాడు. ఫ్యాట్స్ డామినో తొలి రికార్డు చేసింది కూడా అదే ఏడు, అదే గదిలో. ర్యాంపార్ట్ వీధిని గుర్తుపెట్టుకోండి, మళ్లీ అక్కడికే వస్తాం.

గాలిలో చోటు సంపాదించడమంటే ముందు ప్రభుత్వాన్ని అడగాలి. ఎఫ్ఎం కనిపెట్టిన ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ కథలో చూశాం కదా, 1945లో అమెరికా ప్రభుత్వం 88 నుంచి 92 మెగాహెర్ట్జ్ దాకా ఉన్న పట్టీని లాభం ఆశించని స్టేషన్లకు కేటాయించింది. ఊరుమ్మడి పశువుల బీడులాంటిది అది. 1970లలో టెక్సాస్ నుంచి వచ్చిన ఇద్దరు అన్నదమ్ములు వాల్టర్ బ్రాక్, జెర్రీ బ్రాక్ ఆ బీడులో న్యూ ఆర్లీన్స్‌కు రావాల్సిన ముక్క కోసం దరఖాస్తు పెట్టి, ఏళ్ల తరబడి తిరిగారు. లైసెన్సు తీసుకున్న సంస్థ పేరు నోరా బ్లాచ్ ఎడ్యుకేషనల్ ఫౌండేషన్.

ఎవరీ నోరా? 1905లో కార్నెల్‌లో సివిల్ ఇంజనీరింగ్ పట్టా పుచ్చుకున్న ఆడపిల్ల. స్త్రీల ఓటు హక్కు కోసం పోరాడిన ఎలిజబెత్ కేడీ స్టాంటన్‌కు మనవరాలు. రేడియోకు ప్రాణం పోసిన ఆడియాన్ వాల్వును తయారుచేసిన లీ డి ఫారెస్ట్‌ను 1908లో పెళ్లాడింది. పెళ్లయిన ఏడే ఇద్దరూ పారిస్ వెళ్లి ఈఫిల్ టవర్ మీంచి గ్రామఫోన్ రికార్డులు ప్రసారం చేశారు. ఇంజనీరింగ్ మానేసి ఇంట్లో ఉండమన్నాడు భర్త. ఆమె ఉండలేదు, కాపురం నిలవలేదు. రేడియో చరిత్ర పుస్తకాలు భర్త పేరుతో నిండి ఉంటాయి. ఈమె పేరు న్యూ ఆర్లీన్స్ జాజ్ స్టేషన్ లైసెన్సు కాగితం మీదికి ఎక్కింది. నాకది చాలా న్యాయంగా తోస్తుంది.

1980 డిసెంబర్ 4న 90.7 మెగాహెర్ట్జ్ మీద డబ్ల్యూడబ్ల్యూఓజెడ్ మొదలైంది. చివరి రెండక్షరాలు ఓజ్ మాంత్రికుడి కథలోవి. ఆ కథలో మాంత్రికుడు తెర వెనక దాక్కుని ఉంటాడు, తెర వెనకవాణ్ని పట్టించుకోవద్దని చెబుతాడు. బ్రాక్ సోదరుల ఉద్దేశమూ అదే: మాట్లాడేవాడు ముఖ్యం కాదు, వినిపించే సంగీతమే ముఖ్యం. ఊరివాళ్లకు అది ఒట్టి ‘ఓజెడ్’.

మన పాఠకులు ఇక్కడ ఒక సంగతి గుర్తు చేసుకోవాలి. సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ దగ్గర మాచునూరులో, దళిత మహిళలు నడిపే సంఘం రేడియో 2008 అక్టోబర్ 15న 90.4 మీద మొదలైంది. రేడియో సెట్టు ముల్లు మీద చూస్తే రెండూ ఇరుగుపొరుగు. లైసెన్సు రాక ముందు మాచునూరు ఆడవాళ్లు ఏళ్ల పాటు పాటలూ విత్తనాల కబుర్లూ క్యాసెట్ల మీద రికార్డు చేసి, సంఘం సమావేశాల్లో వినిపించుకున్నారు. వాళ్లకు దారి తెరిచిన మాట 1995 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు చెప్పింది. క్రికెట్ ప్రసార హక్కుల కేసులో, గాలి తరంగాలు ప్రజల ఆస్తి అన్నది కోర్టు. ఆ ధర్మాసనంలో మన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి ఉన్నారు. గాలి ఎవరిదన్న ప్రశ్నకు రెండు దేశాలూ దగ్గర దగ్గర జవాబే ఇచ్చాయి, మనం యాభై ఏళ్లు ఆలస్యంగా.

తిరిగి టిపిటినాస్‌కు వద్దాం. ఆ హాలు 1977లో మొదలైందే ఒక్క మనిషి కోసం. హెన్రీ రోలండ్ బర్డ్ అసలు పేరు, ఊరంతా ప్రొఫెసర్ లాంగ్‌హెయిర్ అనేది. పియానో మీద ఎడమచేత్తో కరీబియన్ తాళం, కుడిచేత్తో బ్లూస్ నడిపించిన మనిషి. ఒక దశలో సంగీతం తిండి పెట్టక చీపురు పట్టి కొట్లు ఊడ్చాడు. ఆయన వాయించుకోవడానికి ఒక చోటుండాలని అభిమానులు చందాలేసుకుని ఆ హాలు తెరిచారు. దానికి ఆయన పాట పేరే పెట్టారు. 1980 జనవరి 30న ఆయన పోయాడు. ఓజెడ్ గాలిలోకి వచ్చింది ఆ తర్వాత పది నెలలకు. ఆయన బతికుండగా ఆ కన్నంలోంచి మైకు దించి ఉంటే ఎంత బాగుండేది అనిపిస్తుంది.

ఓజెడ్‌లో ప్లేలిస్ట్ లేదు. కార్యక్రమం నడిపేవాళ్లు జీతం లేని వాలంటీర్లు. పగలు వేరే ఉద్యోగం చేసుకుని, తమ రికార్డులు తామే పెట్టెలో మోసుకొచ్చి, రెండు మూడు గంటలు తమ చిత్తం వచ్చినట్టు వినిపించేవాళ్లు. పాత జాజ్ ఒకరిది, బ్లూస్ ఒకరిది, గాస్పెల్ ఒకరిది, పక్క పల్లెల కేజన్ పాటలు ఇంకొకరివి. ఎర్నీ కె-డో అని గాయకుడుండేవాడు. 1961లో అత్తగారి మీద పాడిన పాట దేశంలో మొదటి స్థానానికెక్కింది. ఇరవై ఏళ్లు తిరిగేసరికి జనం మరిచిపోయారు, తాగుడు పట్టుకుంది. ఓజెడ్ ఆయన్ను మైకు ముందు కూర్చోబెట్టింది. పాట నడుస్తుండగా పైనుంచి అరుస్తాడు, తన రికార్డే మళ్లీ మళ్లీ వేసుకుంటాడు, తననే పొగుడుకుంటాడు. లెక్కల పద్ధతిలో నడిచే స్టేషన్ ఏదీ ఆయన్ను గంటసేపు కూడా భరించదు. ఊరు మాత్రం చెవులప్పగించి విన్నది. ఆ కార్యక్రమాల టేపులు చేతులు మారాయి. 2001లో ఆయన చనిపోయేనాటికి మళ్లీ ఊరి ముద్దుబిడ్డ. తెర వెనకవాణ్ని పట్టించుకోవద్దన్న స్టేషన్‌లో తెర చింపుకుని బయటికొచ్చినవాడు ఆయనే.

డబ్బు ఎప్పుడూ కటకటే. 1980ల రెండో భాగంలో లైసెన్సు న్యూ ఆర్లీన్స్ జాజ్ అండ్ హెరిటేజ్ ఫౌండేషన్ చేతికి వచ్చాక కాస్త నిలదొక్కుకుంది. 1970 నుంచి ఏటా జరిగే జాజ్ ఫెస్ట్ ఆ సంస్థదే. మిగతాది శ్రోతల చందాలు. ఇలాంటి స్టేషన్లకు కేంద్ర ప్రభుత్వ సొమ్ము పంచిన పబ్లిక్ బ్రాడ్‌కాస్టింగ్ కార్పొరేషన్‌కు, రెండేళ్ల కాలానికి కేటాయించిన 110 కోట్ల డాలర్లను 2025 జులైలో అమెరికా కాంగ్రెస్ వెనక్కి తీసుకుంది. ఆ కథ చాలా ఉంది, దానికో సంచిక విడిగా రాస్తాను.

1984 ప్రాంతంలో స్టేషన్ టిపిటినాస్ మేడ దిగి ట్రెమె పేటలోని లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ పార్కుకు మారింది. చరిత్ర తెలిసినవాళ్లకు అది ఒళ్లు జలదరించే చిరునామా. ఆ పార్కు మూలనే కాంగో స్క్వేర్ ఉంది. ఆఫ్రికా నుంచి తెచ్చి బానిసలుగా అమ్మిన మనుషులకు ఆదివారం పని ఉండేది కాదు. వాళ్లు ఒకే ఒక్కచోట చేరాలని 1817లో నగరం కట్టడి చేసింది. ఆ చోటే ఇది. అక్కడ చేతులతో డ్రమ్ములు వాయించారు, గుండ్రంగా తిరుగుతూ ఆడారు, తమ తమ జాతుల పాటలు పాడారు. అమెరికాలో మిగతా చాలాచోట్ల డ్రమ్ము మోగించనివ్వలేదు, తిరుగుబాటుకు సంకేతమవుతుందని యజమానుల భయం. ఇక్కడ ఆ మోత తెగలేదు. జాజ్ తాళానికి వేరు ఎక్కడుందని వెతుకుతూ పోయిన చరిత్రకారులు చివరికి ఈ మట్టి దగ్గరే ఆగుతారు. రోడ్డు దాటితే ర్యాంపార్ట్ వీధి, విన్‌స్లో సామాన్ల లిఫ్టు బాధ తప్పించుకుని మైకు పెట్టుకున్న స్టూడియో ఉన్న భవనం. ఆయనకు ఒకప్పుడు లేదన్న మైకు, ముప్పై అయిదేళ్లకు రోడ్డుకు ఇవతల ఊరందరిదీ అయింది.

ఓజెడ్‌లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది పాట కాదు, ఒక ప్రకటన. పేరు లైవ్‌వైర్. బేసి గంటలు కొట్టినప్పుడల్లా, ఒంటిగంటకు, మూడింటికి, అయిదింటికి, కార్యక్రమం ఆపి ఆ రోజు ఊళ్లో ఎవరు ఎక్కడ వాయిస్తున్నారో చదువుతారు. ఇంటర్నెట్ పుణ్యమా అని వేసవిలో మనకు పొద్దున్న ఏడున్నర అయ్యేసరికి అక్కడ రాత్రి తొమ్మిది కొడుతుంది. పొయ్యి మీద పాలు పొంగకుండా చూసుకుంటూ నేను ఆ జాబితా వింటాను. ప్రిజర్వేషన్ హాల్, స్నగ్ హార్బర్, మేపుల్ లీఫ్ బార్, ఆ తర్వాత నేనెప్పుడూ చూడని చిన్న చిన్న కొట్ల పేర్లు. పెద్ద పేరున్నవాడికీ నిన్న మొన్న బ్యాండు కట్టిన కుర్రాళ్లకూ చదివే గొంతులో తేడా ఉండదు. మన ఊళ్లలో తిరునాళ్ల ముందు చాటింపు వేసేవాడు రచ్చబండ దగ్గర నిలబడి, రాత్రికి ఫలానావారి బుర్రకథ అని ఎట్లా చెప్పేవాడో, అట్లా. జాజ్‌ను మ్యూజియంలో పెట్టి కాపాడేవాళ్లు చాలామంది ఉన్నారు. ఇవాళ రాత్రి ఎక్కడికి వెళ్లాలో చెప్పేవాళ్లుంటేనే వాయించేవాడికి రేపు భోజనం దొరుకుతుంది.

ఈ ఊళ్లో సంగీతం చావుతో కూడా నడుస్తుంది. శ్మశానం దాకా బ్యాండు నెమ్మదిగా, బరువుగా భక్తి పాటలు వాయిస్తుంది. పెట్టెను సాగనంపాక డ్రమ్మర్ తాళం మారుస్తాడు, ట్రంపెట్లు గొంతెత్తుతాయి, వెనక నడిచే జనం గొడుగులూ చేతిరుమాళ్లూ ఊపుతూ చిందులేస్తారు. వెనకాల వచ్చే ఈ జనాన్నే ‘సెకండ్ లైన్’ అంటారు. తెలంగాణలో డప్పుల మోతతో పెద్దవాళ్లను సాగనంపడం చూసినవాళ్లకు దీన్ని విడమర్చి చెప్పక్కర్లేదు.

2005 ఆగస్టు 29న కత్రినా తుపాను వచ్చింది. కరకట్టలు తెగి, నగరంలో అయిదింట నాలుగు వంతులు నీళ్లలో మునిగింది. వాయించేవాళ్లు హ్యూస్టన్, అట్లాంటా, మెంఫిస్, ఎవరికి ఎక్కడ నీడ దొరికితే అక్కడికి చెదిరిపోయారు. ఫ్యాట్స్ డామినో చనిపోయాడని పుకారు పుట్టి ఆయన ఇంటి గోడ మీద ఎవరో వీడ్కోలు రాశారు. నిజానికి పడవ వచ్చి ఆయన్ను కాపాడింది. ఓజెడ్ మూగబోయింది.

అప్పుడు సాయం న్యూజెర్సీ నుంచి వచ్చింది. మనవాళ్లు వేల సంఖ్యలో కాపురముండే జెర్సీ సిటీలో డబ్ల్యూఎఫ్ఎంయూ అని శ్రోతల చందాలతో నడిచే స్టేషన్ ఉంది. వాళ్లు తమ ఇంటర్నెట్ సర్వర్లు ఇచ్చారు. దొరికిన పాత రికార్డింగులతో ‘ప్రవాసంలో ఓజెడ్’ అని కొద్ది రోజుల్లోనే ప్రసారం మొదలైంది. శరణార్థుల శిబిరాల్లో, చుట్టాల ఇళ్లలో, మోటళ్లలో ఉన్నవాళ్లు కంప్యూటర్ల ముందు చేరి తమ ఊరిని విన్నారు.

ఆ సెప్టెంబర్‌లో ఓజెడ్ వెబ్‌సైటులో ఇంకో జాబితా పెట్టారు. రాత్రికి ఎవరు ఎక్కడ వాయిస్తున్నారన్న జాబితా కాదు, వాయించడానికి ఊరే లేదు. ఎవరెవరు బతికున్నట్టు తెలిసిందో ఆ జాబితా. ఫలానా డ్రమ్మర్ దొరికాడు, ఫలానా గాయని క్షేమం. అన్న ఆచూకీ తెలియని చెల్లెలూ, బ్యాండులో తోటివాణ్ని వెతుక్కుంటున్న ట్రంపెట్ వాద్యకారుడూ వచ్చి చూసుకునేది దాన్నే. పాతికేళ్లుగా ఊళ్లో ప్రతి వాద్యకారుడి పేరూ రోజూ చదివిన స్టేషన్ కాబట్టే ఆ జాబితా రాయగలిగింది. పేర్లు తెలియని స్టేషన్ ఎవరి కోసం వెతుకుతుంది?

అక్టోబర్ 18న, బ్యాటన్ రూజ్‌లోని లూసియానా పబ్లిక్ బ్రాడ్‌కాస్టింగ్ వాళ్ల గదుల్లోంచి, న్యూ ఆర్లీన్స్ గాలిలో 90.7 మళ్లీ పలికింది. ఇళ్లకు తిరిగొచ్చి, తడిసి బూజుపట్టిన పరుపులూ ఫ్రిజ్‌లూ వీధిలోకి లాగి పడేస్తున్నవాళ్లు ఆ మోతను తమ ఊరి గాలిలోనే వినగలిగారు. డిసెంబర్‌కల్లా నది ఒడ్డున ఫ్రెంచ్ మార్కెట్లో కొత్త చోటు దొరికింది.

ఇంకో పదిహేనేళ్లకు, 2020లో కరోనా వచ్చి జాజ్ ఫెస్ట్ రద్దయింది. ఏప్రిల్ చివర, మే మొదట్లో, పండుగ జరగాల్సిన రోజుల్లోనే ఓజెడ్ తన దగ్గరున్న పాత జాజ్ ఫెస్ట్ రికార్డింగులు తీసి, పొద్దుణ్నుంచి సాయంత్రం దాకా కచేరీల పట్టిక వేసి వినిపించింది. జనం రేడియో పెట్టెలు తెచ్చి ఇళ్ల ముందు అరుగుల మీద పెట్టుకున్నారు, కుర్చీలు వేసుకున్నారు, పండుగ వంటలు ఇంట్లోనే వండుకున్నారు. ఈ అరుగు మీదివాళ్లూ ఆ అరుగు మీదివాళ్లూ మధ్యలో వీధి అంత దూరం ఉంచుకుని, ఒకే పాటకు ఒకేసారి చప్పట్లు కొట్టారు.

(వచ్చే సంచికలో: న్యూయార్క్‌లో ఒక విద్యార్థుల స్టేషన్, నలభై ఏళ్ల పాటు పొద్దున్నే చార్లీ పార్కర్ గురించి మాట్లాడిన ఫిల్ షాప్)